కొట్టనన్నంకనే

మాది హుస్నాబాద్ దగ్గర ఒక చిన్న ఊరు. ఊరని రాస్తున్నాను గానీ ఊరు మాది కాదు. ఊరవతల ఉన్న మాదిగవాడ మాది. నా చిన్నప్పుడు కరీంనగర్ జిల్లా అనేవాళ్ళం. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని సిద్దిపేట జిల్లాలో కలిపారు. జిల్లా మారింది. వాడ ఎక్కడున్నది అక్కడే ఉంది.

మా బాపు డప్పు కొట్టేవాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ముప్పై అయిదేండ్లు పట్టింది. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు "మీ నాయిన ఏం జేస్తడు" అని ఎవరన్నా అడిగితే "వ్యవసాయం" అనేవాణ్ణి. గుంటెడు భూమి లేనోడు ఏం వ్యవసాయం చేస్తాడో అడిగినవాళ్ళకు తెల్వదు, నేను చెప్పలేదు.

ఊర్లో ఎవరు సచ్చినా ముందుగాల మా ఇంటికే కబురు. "అరే, డప్పు పట్టుకొని రా" అని ఊర్లోంచి ఒక పిల్లగాడు వచ్చి కేకేసేవాడు. మా బాపు వయసులో సగం కూడా ఉండడు వాడు. బాపు అన్నం కాడినుంచి లేచి పోయేవాడు. సావుకు, పెండ్లికి, బోనాలకు, ఎల్లమ్మ పండుగకు, సంక్రాంతికి కొత్తకొండ జాతరకు కదిలే బండ్ల ముందు, పంచాయతీ సాటింపుకు, అన్నింటికీ బాపు డప్పే. రాను అనే మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఆ మాట ఉంటదనే మాకు తెల్వదు. కల్లం కాడ ఇన్ని వడ్లు, సావింటి కాడ ఇంత కల్లు, చేతిలో కొన్ని పైసలు. దానికి కూలి అనే పేరు లేదు. వెట్టి అని దాని పేరని మేం చదువుకున్నంకనే తెలిసింది.

బాపు డప్పు ఆయన చేసుకున్నదే. మేక తోలును సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి, కట్టె పలకకు చింతగింజల అంబలి పూసి, తోలు బిగించి ఎండబెట్టేవాడు. కుడి చేతిలో పొట్టి చిర్ర, ఎడమ చేతిలో సన్నటి చిటికెన పుల్ల. కొట్టే ముందు గడ్డి మంట వేసి డప్పును కాపేవాడు. వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఇంకొంచెం కాపేవాడు. మళ్ళీ తట్టేవాడు. ఆయన మొఖంలో ఒక రకమైన నిమ్మళం కనిపించేది అప్పుడే. ఆ తర్వాత ఆయనను ఎవరూ చూసేవాళ్ళు కాదు. శవాన్ని చూసేవాళ్ళు, పెండ్లికొడుకును చూసేవాళ్ళు, దేవతను చూసేవాళ్ళు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆగస్టు 15కు పాటల పోటీ పెట్టారు. నేను పేరిచ్చాను. మా సారు ఒకాయన నవ్వి, "నీకు పాటెందుకురా, మీ అయ్య డప్పు తెచ్చి ముంగట నడువు" అన్నాడు. ఆ బడి పేరు రాయను, ఆ సారు పేరూ రాయను. తరగతంతా నవ్వింది. నేను డప్పు తెచ్చాను. జెండా పట్టుకున్న పిల్లల ముందు ఊరంతా కొట్టుకుంటూ నడిచాను. నాకు ఎవరూ నేర్పలేదు, కానీ మంచిగానే కొట్టాను. నా చేతులకు దరువు ఎప్పటినుంచో తెలుసు. అదే నాకు ఎక్కువ బాధ. ఇంటికి వచ్చి చిర్రను పొయ్యిలో పెట్టి కాలబెట్టాను. తెల్లారి బాపు ఇంకో చిర్ర చెక్కుకున్నాడు. ఎందుకు కాలబెట్టినవని అడగలేదు.

తర్వాత హాస్టల్, డిగ్రీ, బీఎడ్. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటోణ్ణి నేనే. 2017లో పడ్డ టీఆర్టీ రాసి, 2019లో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం సారునయ్యాను. మొదటి జీతం తెచ్చిన నాడు బాపుతో "ఇంక డప్పు ముట్టద్దు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పాత పెంకుటింట్లో అటుక మీద పెట్టాడు. నెల తిరగకముందే ఒక పెద్దింటి సావుకు కబురొచ్చింది. కడపలో నిలబడి నేనే చెప్పాను, "మా బాపు రాడు" అని. మా తాతలు ముత్తాతలు అనలేని మాట అది. ఆ రాత్రి నాకు చాలా గర్వంగా ఉండింది. నీకెట్లున్నది అని మాత్రం బాపును అడగలేదు.

ఇక ఆ పిల్లల సంగతి. వాళ్ళు నలుగురు. కరోనా వచ్చిన 2020లో పరీక్షలు నడుమల రద్దయి, అన్నీ రాయకుండానే పది పాసైన వాళ్ళు. నా దగ్గర చదువుకున్న వాళ్ళే. ఒకడు హుస్నాబాద్‌లో బండ్ల మెకానిక్ షాపులో పని చేసుకుంట గిటారు నేర్చుకున్నాడు. ఒకడు పాలిటెక్నిక్ చదువుకుంట కీబోర్డు వాయిస్తాడు. ఒకడి తండ్రి పెండ్లిళ్ళ బ్యాండుమేళంలో బాకా ఊదేవాడు, వాడు ప్యాడు కొడతాడు. నాలుగోది ఆడపిల్ల, పాడుతుంది. వాళ్ళ అవ్వ వెంట పొలాలకు పోయి నాటు పాటలు నేర్చుకున్నది. ముగ్గురు మాదిగలు, ఒకరు మాల. మాల మాదిగ అని వాళ్ళ నాయిన్లు చేసుకునే కొట్లాట వాళ్ళు ఇంకా మొదలుపెట్టలేదు.

2022 చివర్లో నా దగ్గరికి వచ్చి, "సార్, మాకు ఒక రూము కావాలె. మోత జేస్తె ఎవ్వలు తిట్టని రూము" అన్నారు. నేను కొత్త స్లాబు ఇంట్లోకి మారాను గానీ బాపు పాత పెంకుటిల్లు విడవలేదు. "మా బాపు ఊకుంటె నాకేం లేదు" అన్నాను. బాపు "పిల్లలు రానీ" అన్నాడు. అట్ల ఆదివారాలు మొదలైనయి.

వాళ్ళ ఫోన్లలో లేని పాట లేదు. సినిమా పాటలు, డీజే మీద తిప్పే జానపదాలు, ఇంగ్లీషు రాక్. మెకానిక్ పిల్లగానికి బ్లాక్ సబ్బాత్ అంటే పిచ్చి. దాంట్లో గిటారు కొట్టే టోనీ ఐయోమీ కత నాకు చెప్పింది వాడే. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ అనే ఇనుప కార్ఖానాల ఊరు. పదిహేడేండ్ల పోరడు రేకులు కోసే మిషన్ మీద పని చేస్తుంటే కుడి చేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయినయి. వాడు ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు అదిమేది ఆ కుడి చేతి వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత తీగల బిగువే తగ్గించాడు. బిగువు తగ్గితే శబ్దం కిందికి దిగి బరువెక్కింది. 1970లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డు నుంచే ఆ బరువు మోతకు లోకంలో కొత్త పేరు పుట్టింది. "సార్, వాని దెబ్బనే వాని సప్పుడైంది" అన్నాడు మా పిల్లగాడు.

నేను సాంఘికశాస్త్రం సారును కదా, ఊకోలేదు. రాక్‌కు తల్లి ఎవరో చెప్పాను. అమెరికా నల్లవాళ్ళ బ్లూస్. మిసిసిపీలో దొర తోటలో పని చేసిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగోకు బతకపోయాడు. అక్కడి కల్లు దుకాణాల లొల్లిలో మామూలు గిటారు వినబడక కరెంటు గిటారు పట్టాడు. ఆయన పాట పేరునే తమ పేరుగా పెట్టుకున్న తెల్ల పిల్లలు రోలింగ్ స్టోన్స్. పత్తి చేన్లలో పుట్టిన పాట లోకమంతా తిరిగింది. పాడినోని చరిత్ర వెనకబడ్డది.

పిల్లలు విన్నారు. విని మళ్ళీ అదే తెల్లవాళ్ళ పాట పాడారు. మంచిగానే పాడేవాళ్ళు. కానీ ఆరు నెలలు పోయినంక పాడే పిల్ల ఒకనాడు మైకు కింద పెట్టి, "సార్, ఎవలదో అంగి తొడుక్కున్నట్టున్నది. సంకల కాడ పడుతలేదు" అన్నది. సొంతంగా రెండు పాటలు కట్టారు. అవి కూడా ఎక్కడో విన్నట్టే ఉన్నయి. మాటలు మావి, మోత ఎవరిదో.

2023 ఆగస్టు 6 ఆదివారం. పిల్లలు పెంకుటింట్లోనే ఉన్నారు. గద్దర్ చనిపోయాడని టీవీలో వచ్చింది. మా వాడలో గద్దర్ క్యాసెట్ లేని ఇల్లు ఒకప్పుడు లేదు. పోలీసులు వస్తున్నారంటే ఆ క్యాసెట్లను వడ్ల గుమ్మిలో దాచేవాళ్ళు. బాపు చాలాసేపు టీవీ ముందు కూర్చున్నాడు. తర్వాత ప్యాడు కొట్టే పిల్లగాణ్ణి పిలిచి, "బిడ్డా, ఆ అటుక మీదిది దించు" అన్నాడు.

నాకు గుండె ఝల్లుమన్నది. "వద్దు బాపూ" అన్నాను.

ఆయన నా దిక్కు చూశాడు. "ఇన్నేండ్లల్ల సావు సావుకు నన్ను పిలిస్తె పోయిన. ఈ సావుకు నన్నెవ్వలు పిలువలె. నేనే కొడ్త."

నాలుగేండ్లు అటుక మీద ఉన్న డప్పు సల్లబడి, తోలు వదులై ఉంది. వాకిట్లో గడ్డి మంట వేశాడు. కాపాడు, తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత సావు దరువు కొట్టాడు. ఆ దరువును నేను చిన్నప్పటినుంచి వందసార్లు విన్నాను, కానీ ప్రతిసారీ సిగ్గుతో తల వంచుకొనే విన్నాను. తల ఎత్తి వినడం అదే మొదలు. మొదట దెబ్బకు దెబ్బకు నడుమ చాలా జాగా ఉంటది, నడిచే కాళ్ళకు సరిపోయేటంత. పోనుపోను ఆ జాగాలోకి చిటికెన పుల్ల వచ్చి చేరుతుంది. నలుగురు పిల్లలు కదలకుండా నిలబడ్డారు. బాపు ఆపినంక గిటారు పిల్లగాడు మెల్లగా, "తాతా, ఇంకోసారి" అన్నాడు. మా బాపును ఇంకోసారి కొట్టమని బతిమిలాడిన మొదటి మనిషి వాడు.

ఆ రాత్రి నుంచి నాకూ పిల్లలకూ పంచాయితీ. డప్పును పాటలో పెడతామని వాళ్ళు. పెట్టవద్దని నేను. అంబేద్కర్ 1927లో మహద్‌లో సచ్చిన గొడ్డు మాంసం ఇడిసిపెట్టండని చెప్పాడు, కులం అంటగట్టిన పనిని మోసుకుంట తిరిగితే గౌరవం రాదు అని నేను. తమిళనాడులో కూడా సావులకు పరై కొట్టమని దళితులు తిరగబడ్డారు. నేను నా బాపు చేత మాన్పించడానికే చదువుకున్నాను, మీరు మళ్ళీ మెడకేసుకుంటారా అని కోపం చేశాను.

ప్యాడు పిల్లగాడు తల దించుకొనే జవాబు చెప్పాడు. "సార్, గిటారు పట్టుకుంటె మమ్ముల కులం ఎవ్వలడుగుత లేరు. డప్పు పట్టుకుంటె అడుగుతరు. అడిగేదాంట్లెనే గదా సార్ మన ముచ్చట ఉన్నది."

నేను ఇంటికి పోయి నిద్ర పట్టక కూర్చున్నాను. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు ఉద్యమం మొదలుపెట్టి దానికి దండోరా అని పేరు పెట్టుకున్నారు. ఊరు మాతో వేయించిన సాటింపును మా కోసం మేమే వేసుకున్నట్టు ఆ పేరు. అంతకు ముందు 1972లో హైదరాబాదులో బి. నర్సింగరావు, గద్దర్ లాంటి వాళ్ళు జననాట్యమండలి కట్టుకున్నప్పుడు వాళ్ళూ మా పిల్లల్లాంటి వాళ్ళే. చేతిలో కంపెనీ లేదు, రికార్డు లేదు. పల్లె జనం నోట్లో ఉన్న బాణీ పట్టుకొని, భుజాన గొంగడేసుకొని, కాళ్ళకు గజ్జె కట్టుకున్నంకనే వాళ్ళ గొంతు వాళ్ళకు దొరికింది. ఆ గొంతులో మా డప్పు ఉంది. డప్పును నాకంటే ముందే పెద్దమనుషులు పక్కన పెట్టుకున్నారు గానీ, నేను మాత్రం దాంట్లో ఆ సారు నవ్వునే వింటున్నాను.

తర్వాతి ఆదివారం కీబోర్డు పిల్లగాడు నాకు చెన్నై వీడియో చూపించాడు. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతం కట్టే టెన్మా కలిసి నిలబెట్టి, 2018 జనవరిలో వేదిక ఎక్కించిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బ్యాండు. ఉత్తర చెన్నై బస్తీల గానా పాట, సావు కాడ కొట్టే పరై, పక్కన గిటారు, డ్రమ్సు, ర్యాప్. ఆ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. వందేండ్ల కిందనే పండిత అయోతీదాస్ మేము కులం లేని తమిళులమని రాయించుకోండని చెప్పిన మాటలోంచి తీసుకున్నది. ఆ పిల్లలు పరైని వేదిక నడుమ పెట్టారు. ఎవరు పిలిస్తే వచ్చినట్టు లేదు వాళ్ళ నిలబడుడు.

నాకు అప్పుడు ఒకటి సమజైంది. పరై కొట్టం అన్నవాళ్ళూ, వేదిక మీద పరై కొట్టినవాళ్ళూ ఒకరికొకరు ఎదురు కాదు. వాళ్ళు కొట్టమన్నందుకే వీళ్ళకు కొట్టే బలం వచ్చింది. నేను కడపలో నిలబడి "రాడు" అన్నది కూడా తప్పు కాదు. నా తప్పు అక్కడే ఆగిపోవడం. వెట్టిని ఆపాను, దాంతోపాటు బాపు చేతిని కూడా ఆపాను.

సరే కొట్టండి అన్నాను. అప్పుడు మొదలైంది అసలు తిప్పలు. డప్పు గిటారు మాట వినదు. కాపినప్పుడు పైకి ఉంటది, పాట సగానికి వచ్చేసరికి సల్లబడి కిందికి దిగుతది. మబ్బు పట్టిన నాడు ఇంకా తొందరగా దిగుతది. కీబోర్డు ఉన్నకాడనే ఉంటది కాబట్టి రెండూ కలవవు. ప్లాస్టిక్ మూత, ఇనుప బోల్టులు ఉన్న ఫైబర్ డప్పు తెద్దామన్నాడు కీబోర్డు పిల్లగాడు. మంట అక్కర లేదు, వాన పడ్డా మోగుతది. బాపు దాన్ని తట్టి చూసి, "మోగుతది బిడ్డా. మాట్లాడది" అన్నాడు.

మెకానిక్ పిల్లగాడు మూడు వారాలు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. డప్పును గిటారుకు కలిపేది కాదు, గిటారునే డప్పుకు కలపాలె. ఐయోమీ లెక్క తీగలు వదులు చేసి, సల్లబడే డప్పు కాడికి గిటారును దించాడు. కీబోర్డును మొత్తానికి పక్కకు పెట్టకుండా, డప్పు వేడి మీద ఉన్నప్పుడు మాత్రం వాయించి తర్వాత ఊకునేటట్టు పాట కట్టారు. నడుమ మళ్ళీ డప్పును కాపే టైముకు పాడే పిల్ల ఒక్కతే వాళ్ళ అవ్వ బాణీలో తోడు లేకుండా పాడుతుంది. డప్పు మంట కాడినుంచి తిరిగొచ్చేసరికి అందరూ కలిసి లేస్తారు. దాపెట్టుకోవాలనుకున్న తిప్పలే వాళ్ళ పాటకు నడక అయింది. నాటు పాట, బాకా ఊదే తండ్రి నేర్పిన పెండ్లి నడక, బర్మింగ్‌హామ్ గిటారు, మా బాపు సావు దరువు. విన్నోళ్ళు ఇది ఎక్కడో విన్నమని ఇప్పుడు అనడం లేదు.

2024లో ఒక పెండ్లి ఆర్డరు వచ్చింది. ఫంక్షన్ హాల్లో పాటలు. మూడు వేలు అడ్వాన్సు ఇచ్చారు. మైకు సెట్టు బాకీ కట్టడానికి వాళ్ళకు ఆ పైసలు చాలా అవసరం. సామాను దించేటప్పుడు డప్పును చూసి ఆ ఇంటాయన, "ఆర్కెస్ట్రా స్టేజి మీదికి పొండి. డప్పు గేటు కాడ ఉంచుండ్రి, వచ్చేటోళ్ళ ముంగట కొట్టాలె" అన్నాడు. తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. ఆయనకు అది తప్పనిపించలేదు. ప్యాడు పిల్లగాడు అడ్వాన్సు లెక్కబెట్టి ఆయన చేతిలో పెట్టాడు. "గేటు కాడ కొట్టం" అన్నాడు. ఆటో కిరాయి వాళ్ళ మీదే పడ్డది. నాకు ఫోన్ చేసి చెబుతుంటే వాని గొంతు వణికింది. నేను కడపలో అన్న మాటనే వాడు ఫంక్షన్ హాలు ముందు అన్నాడు. తేడా ఒక్కటే. నేను డప్పును అటుక మీద పెట్టి అన్నాను. వాడు డప్పును భుజానికేసుకొని అన్నాడు.

2025 ఏప్రిల్ 14 రాత్రి మా వాడలో అంబేద్కర్ విగ్రహం ముందు ఆడారు. సావు దరువు మీద కట్టిన పాట పాడాలా వద్దా అని బాపును అడిగారు. పండుగ పూట సావు దెబ్బ కొట్టవద్దని ఆయనకు పట్టింపు. కొద్దిసేపు ఆలోచించి, "ఊర్లె వాళ్ళ సావులకు కొట్టినం. మనోళ్ళు సచ్చినప్పుడు కొట్టెతందుకు ఎవ్వలు మిగులకపోతుండె. కొట్టుండ్రి" అన్నాడు. ముందు వరుసలో ఆయనకు కుర్చీ వేశారు. సావు కాడ, పెండ్లి కాడ, జాతర కాడ యాభై ఏండ్లు నిలబడి కొట్టిన మనిషి పాట అయ్యేదాక కూర్చొని విన్నాడు. నడుమ డప్పు కాపేటప్పుడు మాత్రం ఆగలేక లేచి మంట కాడికి పోయాడు. "ఇంకింత" అని చెయ్యి ఊపాడు.

ఆ పిల్లలకు ఇప్పటికీ పేరు లేదు. పది పేర్లు అనుకున్నారు, పది కొట్టేశారు. ఏ కంపెనీ వాళ్ళను పిలవలేదు. ఫోన్లో రికార్డు చేసి పెట్టిన పాటను చూసినోళ్ళు కొన్ని వందల మంది, సగం మా చుట్టాలే. మెకానిక్ పిల్లగాడు రేపు పనికి హైదరాబాదు పోతే ఈ బ్యాండు ఉంటదో లేదో నేను చెప్పలేను. పాడే పిల్లకు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అవన్నీ ఉన్నయి.

ఇది చదివే తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక్క మాట. డప్పు మన కళ అని ఇప్పుడు సభల్లో పెద్దవాళ్ళు కూడా శాలువా కప్పి చెబుతున్నారు. చప్పట్లు కొట్టేముందు ఒకటి అడగండి. ఆ ఊర్లో డప్పు కొట్టేవాడు కొట్టను అంటే ఏమైతది? తెల్లారి వానికి పని దొరుకుతదా, నీళ్ళు దొరుకుతయా? కొట్టను అనే హక్కు లేని చోట అది కళ కాదు, వెట్టే. ఆ హక్కు గుంజుకున్నంక అటుక మీదినుంచి దించుడే మిగిలింది. దించడానికి నాలాగ సిగ్గుపడి ఇన్నేండ్లు పోగొట్టుకోకండి.

ఆ రాత్రి అందరూ పోయినంక బాపు మంటలో బూడిద కెలుకుతూ కూర్చున్నాడు. "ఏడో తరగతిల నువ్వు కొట్టినవని ఊరంత చెప్పిండ్రు నాకు. మంచిగ కొట్టినవట. నేను కూలికి పోయి వినకపోతి" అన్నాడు. చిర్ర నా చేతికిచ్చాడు. నేను కాలబెట్టిన చిర్ర జాగాలో ఆయన తెల్లారి చెక్కుకున్నదే అది. పట్టుకున్నకాడ అరిగి నున్నగయింది.

డప్పు సల్లబడి ఉంది. నేను లేచి ఇంత గడ్డి తెచ్చి మంటలో వేశాను.